నాలుగు దిక్కుల పాఠం

నాకు ఓపిక తక్కువ. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. ఇరవై ఏళ్ళుగా బందరులో ఆడపిల్లల బడిలో తెలుగు చెబుతున్నాను. ప్రశ్న వేసి, జవాబు వచ్చేలోపు సగం నేనే చెప్పేసే రకం. మా పిల్లలు అది బాగా కనిపెట్టి, నేను ఆగలేక చెప్పేసేదాకా నోరు మెదపకుండా కూర్చుంటారు.

అలాంటిదాన్ని, శివరాత్రి వెళ్ళిన వారానికి, చేతిసంచీలో రెండు చీరలూ ఒక కాగితాల కట్టా పెట్టుకుని ఒంటరిగా వరంగల్ వైపు బయల్దేరాను. ఆ కాగితాల సంగతి కాస్త చెప్పాలి. మేం ముగ్గురు టీచర్లం కలిసి, చదువు రాని పెద్దవాళ్ళ కోసం చిన్న చిన్న పాఠాలు రాసి, సైక్లోస్టైల్ చేసి, అడిగినవాళ్ళకి పోస్టులో పంపుతుంటాం. ప్రతి కాగితం అడుగునా ఒకే మాట ఉంటుంది: "ఈ పాఠాన్ని ఎవరైనా రాసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినది మాకూ ఒక కాపీ పంపండి." రాసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మార్చి పంపినవాళ్ళు అప్పటికి ఒక్కరూ లేరు. అంటే మా పాఠాలకి వంక పెట్టడానికి లేదన్నమాట అని నేను మురిసిపోతూ ఉండేదాన్ని.

పుష్యమాసంలో మరిపెడ నుంచి సులోచన అనే అమ్మాయి ఉత్తరం రాసింది. పదో తరగతి దాకా చదివిందట. మిరప కల్లంలో పనిచేసే ఆడవాళ్ళకి మధ్యాహ్నం తిండివేళ అక్షరాలు నేర్పుతోందట. "వీళ్ళకు అల, వల వద్దంట మేడమ్. బస్సు బోర్డు చదువుడు వస్తే చాలంటున్నారు" అని రాసింది. నాకు నచ్చింది. వరంగల్, హన్మకొండ, ఖమ్మం, తొర్రూరు, సూర్యాపేట, మహబూబాబాద్, ఈ ఆరు పేర్లతో ఒక పాఠం రాశాం. ఒక్కో పేరు పక్కన ఒక్కో బొమ్మ. కాగితం కరువు రోజులు కనుక మరిపెడకి ఒకటి, నెక్కొండకి ఒకటి, ధర్మసాగర్‌కి ఒకటి పంపాం. ఇప్పుడు ఆ మూడు ఊళ్ళూ తిరిగి, పాఠం పనిచేస్తోందో లేదో చూసి, లోపముంటే దిద్ది, దిద్దినదాన్ని తర్వాతి ఊళ్ళో మళ్ళీ పరీక్షించి రావాలి. నాలుగు రోజుల్లో వచ్చేస్తానని ఇంట్లో చెప్పాను. తొమ్మిది రోజులు పట్టింది.

నెక్కొండ

బెజవాడ నుంచి పాసింజరు బండి. డోర్నకల్ దాటాక నా ఎదురు సీటులో ఒక ముసలామె ఎక్కింది. కూర్చుంటూనే, "ఎటు పోతానవు చెల్లె?" అంది. మా వైపు రైల్లో పక్కవాళ్ళు ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, అన్నీ తేలాకగానీ వరస కలపరు. ఇక్కడ వరసతోనే మొదలు. ఆమె జొన్నరొట్టె తుంచి, అందులో ఉల్లికారం పెట్టి నా చేతిలో పెట్టేసింది. వద్దనే అవకాశం ఇవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అభిమానానికి కాదు, కారానికి.

నెక్కొండలో దిగి, స్టేషన్లో ముప్పై పైసల టీ తాగి, ఊళ్ళోకి నడిచాను. ఒక గోదాము వసారాలో పన్నెండు మంది ఆడవాళ్ళు నాకోసం తలస్నానాలు చేసి మరీ కూర్చున్నారు. మా కాగితం గోడకి అంటించి ఉంది. నేను నోరు తెరిచేలోపే పన్నెండు గొంతులూ ఒక్కసారి లేచాయి. వరంగల్, హన్మకొండ, ఖమ్మం, తొర్రూరు! ఆరు పేర్లూ గడగడా చదివేశారు. నా ఛాతీ రెండు అంగుళాలు పొంగింది.

ఆ పొంగులో ఊరికే, ముచ్చటకి, నరసమ్మ అనే ఆవిణ్ణి పిలిచి నాలుగో పేరు మీద వేలుపెట్టి, "ఇదేమిటి?" అన్నాను. ఆవిడ కాగితం వంక చూడలేదు. ఆకాశం వంక చూసి, వేళ్ళు ముడుస్తూ మొదట్నుంచీ పాడుకుంటూ వచ్చి, నాలుగో వేలు దగ్గర ఆగి, "తొర్రూరు" అంది. కిందినుంచి రెండోది అడిగితే మళ్ళీ పాట. అడగ్గా అడగ్గా ఆవిడకి విసుగొచ్చింది.

"పాట మంచిగ వస్తాంది గదమ్మా, ఇంకేం గావాలె?"

అప్పటికి నేనేం చేశానో తెలుసా? పరువు పోతుందని, మిగతావాళ్ళని అడిగేటప్పుడు "సూ..." అంటూ సగం అందించాను. వాళ్ళు "సూర్యాపేట" అని పూర్తిచేశారు. అందరూ పాసయ్యారని పుస్తకంలో రాసుకున్నాను. వరంగల్ బండి ఎక్కాక ఆ పేజీ చూసుకుంటే నాకే నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు రాలేదు.

హన్మకొండ చౌరస్తా

చౌరస్తా దగ్గర చంద్రమౌళిగారిది కాగితాల దుకాణం, మేడ మీద టైపు నేర్పే ఇన్‌స్టిట్యూటు. ఆయన మా స్నేహితురాలికి తెలిసినవారు. సైక్లోస్టైల్ మెషీను ఉంది కనుక దిద్దిన పాఠాలు అక్కడే తీసుకోవచ్చని ఏర్పాటు. మనిషి సన్నగా, తెల్లటి చొక్కా మీద సిరా చుక్కలతో ఉంటారు. మాట మాత్రం కొలిచి ఇస్తారు.

ఆయన భార్య అనసూయమ్మ ముందు నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలూ, నువ్వులూ, కరివేపాకూ వేసి, గిన్నె అడుగున పలచగా ఒత్తి, వేళ్ళతో బొక్కలు పెట్టి, ఆ బొక్కల్లో నూనె పోసి కాలుస్తారు. మా వైపు దిబ్బరొట్టె తిన్నవాళ్ళు దీన్ని చూస్తే రొట్టె చిక్కిపోయిందనుకుంటారు, తింటే ఆ మాట వెనక్కి తీసుకుంటారు. మూడు తిన్నాను.

నెక్కొండ సంగతి చెబితే చంద్రమౌళిగారు స్టెన్సిల్ కాగితాన్ని వెలుగుకి ఎత్తి పట్టి చూస్తూ అన్నారు.

"మీరు పక్కన నిలవడి అందిచ్చిన్రు గదా టీచరమ్మా. నేను సుత మొదట్ల గట్లనే చేసేటోన్ని. పిలగాండ్లు టైపు కొడ్తాంటే పక్కకెళ్లి అక్షరం చెప్పేది. వాడు కీబోర్డు ఇడిసిపెట్టి నా నోరు జూసుడు మొదలుపెట్టిండు."

"మరేం చేశారు?"

"నోరు మూసుకున్న. పరీక్ష మనుషులకు గాదమ్మా, మీ కాగితానికి. నడుమ మీరు మాట్లాడితె కాగితం సంగతి ఎట్ల తెలుస్తది?"

ఇరవై ఏళ్ళ టీచరుకి ఒక దుకాణదారుడు చెప్పిన పాఠం ఇది. కోపం వచ్చింది, కానీ కడుపులో మూడు సర్వపిండ్లు ఉండడంతో ఏమీ అనలేకపోయాను. ఆయన కొత్త స్టెన్సిల్ మీద ఆరు పేర్లనీ చెల్లాచెదురుగా రాసి, కొన్నిటిని రెండుసార్లు వేసి, పాటగా పాడే వీలు లేకుండా చేశారు. బొమ్మలు నేనే మళ్ళీ గీశాను. వరంగల్‌కి కోట తోరణం, హన్మకొండకి స్తంభాలు. బాగా కుదిరాయని అనుకున్నాను.

ధర్మసాగర్

హన్మకొండ నుంచి బస్సులో ఎంతో దూరం లేదు. వరంగల్ తాగే నీళ్ళు ఇక్కడి చెరువువే. కట్టెక్కి చూస్తే ఎండలో నీళ్ళు అటు చివర కనిపించడం లేదు. కట్ట కిందే ఒక ఇంట్లో చేపల పులుసుతో అన్నం పెట్టారు. మా వైపు కంటే చింతపండు కాస్త ఎక్కువ, మాటల్లో మొహమాటం చాలా తక్కువ. "గంతేనా తినుడు? గందుకే గిట్ల బక్కగున్నవు" అని ఇంటావిడ నా విస్తట్లో మళ్ళీ వేసింది. నన్ను బక్కగా ఉన్నావన్న మనిషి ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే.

భోజనాలయ్యాక ఎనిమిది మంది చేరారు. ఈసారి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నేను ఏ పేరు అడిగితే ఆ పేరు, ఎక్కడున్నా సరే, వాళ్ళు వేలు పెట్టి చూపించారు. తప్పు పోలేదు. లేచి వచ్చేద్దామనుకుంటూ ఉండగా చంద్రమౌళిగారి మాట గుర్తొచ్చి, ఒక బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టి ఉత్త పేరు చూపించాను. ఎనిమిది మందిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇంకొకటి మూశాను. అంతే.

"చెయ్యి తియ్యమ్మా, అవుపడ్తలేదు" అంది ఇంటావిడ.

"బొమ్మ కాదమ్మా, అక్షరాలు చూసి చెప్పాలి."

"బొమ్మ మంచిగనే ఉన్నది గదా. గా గీతలతోని ఏం పని?"

నా బొమ్మలే నా పాఠాన్ని మింగేశాయి. సాయంత్రానికి హన్మకొండ చేరి, బొమ్మలన్నీ తీసేయించాను. చంద్రమౌళిగారు మూడో స్టెన్సిల్ మీద బస్సు బోర్డు ఎలా ఉంటుందో అలాగే లావుపాటి అక్షరాలు చెక్కారు. మెషీను పిడి తిప్పుతూ, "ఇగ దీన్ల తప్పేమున్నదో మరిపెడోళ్లు చెప్తరు, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నారు. తప్పు ఉంటుందన్న ఆయన నమ్మకం చూసి నాకు ఒళ్ళు మండింది.

మరిపెడ, మిరప కల్లం

మరిపెడ దగ్గరికొస్తుండగానే బస్సులో ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం మొదలెట్టారు. రోడ్డుకి రెండు పక్కలా నేలంతా ఎర్రగా మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. సులోచన బస్సు దగ్గరికే వచ్చింది. రెండు జడలు, మోకాళ్ళ దాకా దుమ్ము, ఎడతెగని నవ్వు. "మా కొమురమ్మత్తను జూడాలె మీరు. అందరికంటె ఫస్టు" అని దారి పొడుగునా అదే మాట.

కల్లంలో ఎనిమిది మంది ఆడవాళ్ళు మిరప కుప్ప చుట్టూ కూర్చుని, తెల్లబడిపోయిన తాలుకాయని ఏరి, మంచికాయని వేరు చేస్తున్నారు. మా పాత కాగితం కుప్ప పక్కన నేల మీద, నాలుగు మూలలా నాలుగు రాళ్ళ కింద ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. కారం చేతులు. ముట్టుకుంటే కాగితం పాడవుతుందని సులోచన మొదటిరోజే చెప్పిందట. రాయడం కూడా అందుకే మానేశారు, చదవడమే.

కొమురమ్మకి యాభై దాటి ఉంటాయి. మోకాలి నొప్పి. అందుకని ఒక బండరాయికి వీపు ఆనించి కాలు చాపుకుని కూర్చుంటుంది. మిగతావాళ్ళు గాలి తిరిగినప్పుడల్లా ఘాటు తప్పించుకోవడానికి చోట్లు మారతారు. ఆవిడ మారదు. ఆవిడ పక్కనే బుచ్చమ్మ, నోటికి తాళం లేని మనిషి. నేను తుమ్మినప్పుడల్లా లెక్కపెట్టి అందరికీ చెప్పేది.

కొమురమ్మకి ఆ పాఠం ఎందుకంత కావాలో అక్కడే తెలిసింది. కూతురు సరోజన వరంగల్లో ఉంటుంది. అల్లుడు మిల్లులో పని. తొలుసూరు కాన్పు. మా దగ్గరైనా ఇక్కడైనా మొదటి కాన్పు పుట్టింట్లోనే. కానీ పిల్లకి రక్తం తక్కువగా ఉంది, ఆ రోడ్డు మీద బస్సులో కదిలించవద్దని దవాఖానలో చెప్పారట. బిడ్డ రాలేకపోతే తల్లే పోవాలి. పెనిమిటికి చూపు సరిగ్గా ఆనదు. కల్లాల కాలంలో పని వదిలి తోడు వచ్చేవాళ్ళు లేరు.

"మొన్న మాఘమాసంల ఒక్కదాన్నే బయలెల్లిన" అని చెప్పింది. "గాడ నిలవడ్డ ఒకాయిన్ని అడిగిన. గిదే అవ్వా, ఎక్కు అన్నడు. ఎక్కిన. దింపితే సూర్యాపేట. బిడ్డకు తెచ్చిన సద్దిమూట ఆడ్నే కూసోని తిన్న. ఏడుసుకుంట తిన్న."

బుచ్చమ్మ కూడా అప్పుడు నవ్వలేదు.

"పొద్దుగూకేదాంక మళ్లొచ్చే బస్సు లేదు. ఇగ ఎవ్వల్ని అడగద్దనుకున్న బిడ్డా. నా కండ్లతోని నేనే సదివి ఎక్కాలె. నా బిడ్డకు నొప్పులొచ్చిననాడు నేను ఇంకో ఊర్ల దిగద్దు."

బస్సులు ఏ దిక్కుకి పోతున్నాయో చూసి ఎక్కవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. రోడ్లు కలిసే చోట అన్ని బస్సులూ ఒక్కచోటే ఆగుతాయి. డ్రైవర్లు టీ తాగుతారు. తర్వాత ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకి మళ్ళుతుంది. అవి మళ్ళేదాకా చెప్పలేం, మళ్ళాక ఎక్కలేం.

ఆ మధ్యాహ్నమే అసలు పరీక్ష పెడదామన్నాను. బుచ్చమ్మా, ఇంకో ఇద్దరూ, కొమురమ్మా, సులోచనా, నేనూ రోడ్డు మీదకి వెళ్ళాం. బస్సు వచ్చింది. బుచ్చమ్మ తడుముకుంటూ "ఖమ్మం" అంది. ఇంకొకావిడ తర్వాతి దాన్ని "తొర్రూరు" అంది. మూడోది వరంగల్ బస్సు. కొమురమ్మ వంతు. ఆవిడ చూస్తూ నిలబడింది. పెదాలు కదిలాయి. ముందుకి రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, తల పక్కకి వంచి చూసింది. బస్సు వెళ్ళిపోయింది.

మూడో పాఠం కాగితం చేతికిచ్చాను. రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ చూసి నాకు తిరిగి ఇచ్చేసింది.

"నాకు అస్తలేదు టీచరమ్మా. ఒక్కటి సుత అస్తలేదు. కల్లంల అన్నీ వచ్చినట్టే ఉండె."

మోకాలి నొప్పి మరిచిపోయి రోడ్డు పక్కన నేల మీద కూలబడిపోయింది. నేను అప్పుడు చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. సులోచనని పక్కకి పిలిచి, "ఫస్టు అన్నావు! అందించి చెప్పించావా?" అని గట్టిగా అడిగాను. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. "ఒట్టు మేడమ్, నేను నోరు తెరవలె" అంది. నేను నమ్మలేదు. దొంగకి అందరూ దొంగలుగానే కనిపిస్తారుగా.

బండరాయి పక్కన

మర్నాడు కల్లానికి వెళ్ళాను. కొమురమ్మ వచ్చింది. అదే రాయికి ఆనుకుని, తల దించుకుని కాయలు ఏరుతోంది. నేల మీద పాత కాగితం తీసి కొత్తది పెట్టి, నేను ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. ఏదో ఒకటి చెయ్యాలని, ఒక పేరు మీద పుల్ల పెట్టాను.

"వరంగల్" అంది కొమురమ్మ, తలెత్తకుండానే.

అటు చివరిది. "మహబూబాబాద్." నడిమిది. "సూర్యాపేట. గది నాకెందుకు తెల్వది!" పుల్ల ఎక్కడ పెడితే అక్కడ, నేను చూసుకునేలోపు ఆవిడ చెప్పేస్తోంది. పాట లేదు, బొమ్మ లేదు, అందించినవాళ్ళు లేరు. సులోచన నా వంక చూసింది. నేను ఆ పిల్ల వంక చూడలేకపోయాను.

లేచాను. కుప్ప చుట్టూ తిరిగి వెళ్ళి, బండరాయి పక్కన కొమురమ్మకి ఆనుకుని కూర్చున్నాను. అక్కణ్ణుంచి కాగితం చూశాను. అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి. తలకట్లన్నీ కాళ్ళ కిందికి పోయి, ఒక్క పేరూ నాకు వెంటనే అందలేదు. తెలుగు టీచర్ని, కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది. ఇన్నాళ్ళుగా ఆవిడ చూసిన వరంగల్ ఇదే. కాగితాన్ని ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు. మోకాలు కదలనివ్వలేదు, కదల్లేదు. తన చోటు నుంచి ఎలా కనబడితే అలా, అందరికంటే బాగా నేర్చుకుంది.

నాకు ఏడుపొచ్చింది. మిరప ఘాటు అని చెప్పుకోవచ్చు గానీ, కాదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "నీకు రాకపోవడం కాదు వదినా. నా కాగితానికి ఒకటే తల ఉంది. నీ వైపు కాళ్ళు పెట్టాను" అన్నాను. తర్వాత సులోచనకి అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాను. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకోవడం వల్ల ఆ పూటంతా కళ్ళు తెరవలేకపోయాను. కారం చేతులని అప్పటికే నాలుగుసార్లు చెప్పారు.

సంగతి అందరికీ అర్థమయ్యాక బుచ్చమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇగ బస్సును బోర్లేసి తెమ్మని కబురు పెడుదాం!" కొమురమ్మ కూడా నవ్వింది. ముందురోజు నుంచి అదే మొదటి నవ్వు. నవ్వి నవ్వి ఆగాక బుచ్చమ్మే అంది.

"అష్టాచెమ్మ గీస్తె నలుగురం నాలుగు దిక్కుల కూసోమా? ఎవ్వల ఇల్లు వాళ్ల దిక్కే ఉంటది గదా. గట్ల రాయుండ్రి."

నాలుగో పాఠం అలా పుట్టింది. పెద్ద కాగితం మీద నాలుగు అంచులా ఆరు పేర్లు, ఏ వైపు కూర్చున్నవాళ్ళకి ఆ వైపు తిన్నగా. నడిమి గడి దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. అక్కడ ఏ పేరు రాసినా ఒక వైపు వాళ్ళకే తిన్నగా ఉంటుంది. నాకేమీ తోచక ఖాళీగా వదిలేశాను.

మిగిలిన మూడు రోజులూ సులోచన ఇంట్లోనే. మక్క గట్క అనే మొక్కజొన్న సంకటి, పచ్చిపులుసు, రాత్రి తొమ్మిదికల్లా నిద్ర. పగలు కొమురమ్మ తనకి తెలిసిన అక్షరాలని ఒక్కొక్కటిగా తిప్పుకుంటూ కూర్చునేది. కొత్తగా నేర్చుకోవడం కంటే అది కష్టం. ఒకసారి విసిగి, "నా దిక్కు నుంచే మంచిగుండె" అంది.

రోడ్లు కలిసే చోట

మూడో రోజు పొద్దున్న వరంగల్ బస్సు డ్రైవరు చేత అల్లుడి కబురు వచ్చింది. సరోజనని దవాఖానలో చేర్చారు, అత్తని రమ్మన్నాడు, వరంగల్ బస్టాండులో తను ఉంటానన్నాడు. నా ప్రయాణం కూడా ఆ రోజే. ఖమ్మం పోయి బెజవాడ రైలు ఎక్కాలి. ఇద్దరం కలిసే రోడ్డు మీదకి వచ్చాం. కొమురమ్మ చంకలో మూట, చేతిలో కర్ర. కల్లంలో వాళ్ళందరూ వస్తామంటే వద్దంది. చదివేటప్పుడు అంతమంది చూస్తుంటే చేతకాదంది.

"నువ్వు సుత చెప్పద్దు టీచరమ్మా."

"చెప్పను."

"ఒట్టెయ్యి."

ఒట్టేశాను. నా జీవితంలో అంత కష్టమైన ఒట్టు లేదు. ఆ బస్సు తప్పితే మళ్ళీ వరంగల్‌కి సాయంత్రం దాకా లేదు.

మొదట ఒక బస్సు వచ్చింది. కండక్టరు తొంగిచూసి, "ఎక్కవ్వా, జాగ ఉన్నది" అన్నాడు. కొమురమ్మ బోర్డు వంక చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. "గది నాకు ఎరికైన ఊరే" అని నాతో మెల్లగా అంది. సూర్యాపేట బస్సు అది.

ఇంకో పావుగంటకి దుమ్ము లేపుకుంటూ రెండోది వచ్చింది. నా కళ్ళద్దాల మీద దుమ్ము పడి నాకేమీ కనిపించలేదు. తుడుచుకుంటున్నాను. కొమురమ్మ నా భుజం తట్టింది.

"టీచరమ్మా, గిది నీది. ఖమ్మం."

అద్దాలు పెట్టుకుని చూశాను. ఖమ్మమే. ఇరవై ఏళ్ళలో నాకు ఎవరూ ఏదీ చదివి చెప్పలేదు. "ఎక్కు మరి" అంది. "తర్వాతి దానిలో పోతాను" అన్నాను.

వరంగల్ బస్సు వచ్చింది. మాకు కాస్త దూరంగా, టీ కొట్టు దాటి ఆగింది. జనం మీద పడ్డారు. కొమురమ్మ కర్ర ఊనుకుంటూ బస్సు ముందుకి వెళ్ళి బోర్డు కింద నిలబడింది. నేను కదల్లేదు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఒక అక్షరం, ఆగి ఇంకో అక్షరం. ఇటు జనం ఎక్కేశారు. కండక్టరు గంట కొట్టాడు. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. కొమురమ్మ తల కొద్దిగా పక్కకి వంగింది, మళ్ళీ తిన్నగా అయింది. బస్సు కదిలింది. ఆవిడ పక్కకి తప్పుకుంది.

నేను ఒట్టు తీసి గట్టున పెట్టి అరిచేసేదాన్నే. నోరు తెరిచాను కూడా.

"ఆపుండ్రి! వరంగల్! గది నా బస్సు, ఆపుండ్రి!"

ఆ అరుపు నాది కాదు. కర్ర పైకెత్తి, మోకాలు సంగతి మరిచి, కొమురమ్మ బస్సు పక్కన నడుస్తోంది. బస్సు ఆగింది. లోపలి నుంచి ఎవరో చెయ్యి అందించారు. కిటికీలో ఆవిడ మొహం ఒక్క క్షణం కనిపించింది. నా వంక చూస్తుందనుకున్నాను. చూడలేదు. ముందుకి, దారి వంక చూస్తోంది. బిడ్డ దగ్గరికి పోయే మనిషికి నేనెందుకు గుర్తుంటాను?

బస్సు కనబడనంత దూరం పోయాక టీ కొట్టులో కూర్చుని ఏడ్చాను. కొట్టతను టీ తెచ్చి నా ముందు పెట్టాడు.

బందరు

వచ్చి రెండు నెలలు దాటింది. ఎండాకాలం సెలవుల్లో మరిపెడ నుంచి ఒక కవరు వచ్చింది. విప్పుతూనే తుమ్మాను. లోపల ఉత్తరం లేదు, పాఠం కాగితం ఒక్కటే ఉంది. అడుగున మేం వేసే మాట ప్రకారం, మార్చి పంపారు. మా పాఠాల్లో అలా తిరిగొచ్చినది అదే మొదటిది.

నాలుగు వైపులా హన్మకొండ కొట్టేసి దవాఖాన అని రాశారు. నేను ఖాళీగా వదిలిన నడిమి గడిలో ఒక బొమ్మ ఉంది. చాటలో పడుకోబెట్టిన పసిబిడ్డ. మా దగ్గరా వాళ్ళ దగ్గరా పురిటిలో బిడ్డని చాటలోనే పడుకోబెడతారు. పైనుంచి చూసినట్టు గీశారు, నాలుగు దిక్కుల వాళ్ళకీ బిడ్డ బిడ్డలాగే కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ నాకు తోచనిది వాళ్ళకి తోచింది.

కాగితాన్ని బల్ల మీద పరిచాను. అవతలి అంచున, పేర్ల కింద, పెద్ద పెద్ద వంకర అక్షరాలు, పక్కన ఎర్రటి వేలిముద్ర. నా వైపు నుంచి అవి తలకిందులుగా ఉన్నాయి. కాగితాన్ని తిప్పుకుంటే సరిపోయేది. నాకు తిప్పబుద్ధి కాలేదు. లేచి, బల్ల చుట్టూ నడిచి వెళ్ళి, ఆవిడ వైపు నిలబడి చదివాను.

"కొమురమ్మ. మనుమరాలు."